తులసమ్మగారి ఇటలీ చెల్లెలు

రాజమండ్రిలో మేముండేది పై వాటా. కింద వాటాలో రిటైరైన లెక్కల మాస్టారూ, ఆయన భార్య సీతమ్మగారూ ఉంటారు. మేడమెట్ల పక్కనే వాళ్ళ తులసికోట. దాని పక్కన ఈమధ్య ఇంకో కుండీ వెలిసింది. కరివేప మొక్క తెస్తానని కడియపులంక నర్సరీలకి వెళ్ళి, మాస్టారు పట్టుకొచ్చిన బేసిల్ మొక్క అది. కరివేప మాత్రం ఇప్పటికీ రాలేదు. దానిమీద జరిగే గొడవ వేరు, అది రోజూ ఉండేదే. ఇక్కడ రాస్తున్నది నేను మెట్లమీద బట్టలారేస్తూ విన్నదీ, వినపడనిచోట రెండు మెట్లు దిగి విన్నదీ.

శుక్రవారం, పొద్దున్న ఏడు గంటలు

మాస్టారు: (చేతిలో కత్తెర, చెవిమీద పెన్సిలు) సీతా! ఈ కుండీకి బొట్టెవరు పెట్టారు?

సీతమ్మ: ఊళ్ళోవాళ్ళొచ్చి పెడతారా? నేనే.

మాస్టారు: ఇది తులసి కాదే! బేసిల్.

సీతమ్మ: ఇటలీ తులసి అన్నాడని ఆ నర్సరీ అబ్బాయి మాట మోసుకొచ్చింది మీరేగా. ఏ దేశంలో కాపరమున్నా తులసమ్మకి చెల్లెలే.

మాస్టారు: వాడు అమ్ముకోడానికి అలా అన్నాడు. నువ్వు ఎండాకాలం నిమ్మకాయ నీళ్ళలో వేస్తావే సబ్జా గింజలు, ఇది ఆ జాతి. మా చిన్నప్పుడు రుద్రజడ అనేవాళ్ళం.

సీతమ్మ: చూశారా! పేరులోనే రుద్రుడున్నాడు. శుక్రవారం పూట ఆయన జడకి కత్తెర పెడతానంటారు.

మాస్టారు: సరే, రేపు కోస్తాను.

సీతమ్మ: రేపు ఏకాదశి.

మాస్టారు: ఎల్లుండి?

సీతమ్మ: ఆదివారం. పైగా ద్వాదశి.

మాస్టారు: మొన్న మంగళవారం అడిగితే మంగళవారం అన్నావు.

సీతమ్మ: మంగళవారాన్ని మంగళవారం అనక ఏమంటారు? దాని ముందు మంగళవారం అమావాస్య కూడా కలిసొచ్చింది.

మాస్టారు: మధ్యలో బుధ, గురువారాలు ఏం పాపం చేశాయి?

సీతమ్మ: అవి చెయ్యలేదు, మీరు చేశారు. పొద్దంతా పేపరు చదివి, దీపాలు పెట్టే వేళకి కత్తెర పట్టుకుని లేచారు. పొద్దుగూకాక తులసిని ముట్టుకుంటారా ఎవరైనా?

(మాస్టారు పెన్సిలు తీసి గోడమీద ఏదో లెక్క కట్టారు. ఆ గోడకి సున్నం వేయించి ఆర్నెల్లు కాలేదు.)

మాస్టారు: వారానికి మూడు రోజులు పోయాయి. మిగిలిన నాలుగింట్లో ఏకాదశి, ద్వాదశి, పౌర్ణమి, అమావాస్య, సంక్రమణం. రాత్రిళ్ళు లేవు. నువ్వు మడి కట్టుకున్నంతసేపూ నేనిటు రాకూడదు. ఇహ నాకు మిగిలింది ఎప్పుడే? నువ్వు ముహూర్తాలు చూసేలోపల అది పూతకొచ్చేసింది. చూడు, కొమ్మకొమ్మకీ పూల వెన్ను!

సీతమ్మ: పూస్తే మంచిదేగా. కళగా ఉంది.

మాస్టారు: పువ్వు పూసిందంటే ఇక తన పని అయిపోయిందనుకుంటుంది. కొత్త ఆకు పెట్టదు. సత్తువంతా గింజకి పోతుంది. ఉన్న ఆకు ఘాటెక్కి చేదు తిరుగుతుంది. కాండం చీపురుపుల్ల అయిపోతుంది.

సీతమ్మ: పని అయిపోయిందనుకుంటే ఎవరైనా అంతే లెండి. రిటైరై ఏడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

మాస్టారు: (వినపడనట్టు జేబులోంచి నోటుబుక్కు తీసి) ఇంకో సంగతి. బుధవారం ఆకులు 64. ఇవాళ 49. పదిహేను ఆకులు ఏమయ్యాయి?

సీతమ్మ: పావురాలు.

మాస్టారు: పావురాలు గోటితో గిల్లవు. ఇదిగో, గాటు.

సీతమ్మ: నిన్న చారు ఘుమఘుమలాడుతోందని మూడోసారి పోయించుకున్నదెవరు? అప్పుడు అడిగారా ఇందులో ఏం వేశావని?

మాస్టారు: అంటే... బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి, చారులో వేశావా!

సీతమ్మ: అమ్మా, నాలుగాకులు ఇయ్యి తల్లీ అని అడిగి తీసుకున్నా. మీలా కత్తెర పట్టుకుని మీదపడలేదు.

(తిథివారాల సంగతి నాకు తెలియదు గానీ, అడిగి తీసుకోవడంలో ఒక మర్యాద ఉందనిపించింది.)

మాస్టారు: తీసుకున్నదానివి సరిగ్గా తీసుకున్నావా? కింద ఉన్న పెద్ద పెద్ద ఆకులన్నీ గిల్లావు. మొక్కకి వండిపెట్టేది ఆ ఆకే! వంటమనిషిని మాన్పించి పిల్లలు బక్కచిక్కారంటే ఎలా? కోయాల్సింది పైన. తల తుంచాలి. ఇటు రా, చూడు. కాడ చూశావా, పుదీనా కాడలా నాలుగు పలకలుంది. ఆకులు జంటలు జంటలుగా ఎదురెదురుగా ఉన్నాయా? ఆ ఆకుకీ కాడకీ మధ్య సందులో ఏముంది?

సీతమ్మ: (కళ్ళజోడు సర్దుకుని) ఆవగింజంత పచ్చగా... అటొకటి, ఇటొకటి.

మాస్టారు: అవే రాబోయే కొమ్మలు. ఆ కణుపుకి కాస్త పైన కోశామా, రెండూ లేస్తాయి. ఒక తల తీస్తే రెండు. ఆ రెండూ తుంచితే నాలుగు. నాలుగూ తుంచితే ఎనిమిది. పదిసార్లు తుంచితే...

సీతమ్మ: మీరు బజారులో కనపడితే మీ పాత స్టూడెంట్లు సందులోకి ఎందుకు తిరిగిపోతారో ఇప్పుడర్థమైంది. సోమవారం పొద్దున్న కోసుకోండి. స్నానం చేసి.

సోమవారం, పొద్దున్న

మాస్టారు స్నానం చేసి, స్కేలు పట్టుకుని వచ్చారు. ఒక్కసారే మొక్కలో మూడోవంతుకి మించి కోయకూడదుట, కోలుకోదుట. ఆ మూడోవంతు కొలవడానికి అరగంట పట్టింది. కోయడానికి నాలుగు నిమిషాలు. ఒక్క వెన్ను మాత్రం గింజకి వదిలేశారు. పూతలేని నాలుగు కొమ్మలు ఏరి, కింది ఆకులు తీసి, గ్లాసుడు నీళ్ళలో నిలబెట్టారు. వారం పదిరోజుల్లో వేళ్ళు వస్తాయని నాకు మెట్లమీదికి కేకేసి మరీ చెప్పారు. నేను వింటున్నానని ఆయనకి మొదటినుంచీ తెలుసన్నమాట.

మాస్టారు: (పళ్ళెం నిండా వెన్నులు) ఇక ఇవి పారేసి వస్తాను.

సీతమ్మ: పారేస్తారా! వేపపువ్వునే వదలకుండా నేతిలో వేయించి చారు పెట్టుకునే వంశం మనది. మునగపువ్వు పప్పులో వేస్తాం, అవిసెపువ్వు వేపుడు చేస్తాం, అరటిపువ్వు ఒక్కో దొప్పా విప్పి, దొంగలు, అదే ఉడకని పుల్లలు, ఏరి, ఆవపెట్టి వండుతాం. ఇంత వాసనేస్తున్నదాన్ని పారబోస్తారా?

మాస్టారు: తినొచ్చంటావా?

సీతమ్మ: ఆకు తిన్నవాళ్ళకి పువ్వేం చేస్తుంది?

మాస్టారు: అయితే బజ్జీలు నేను వేస్తాను.

సీతమ్మ: వెయ్యండి. నేను చూస్తాను.

(ఇక్కడ పది నిమిషాలు నూనె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత మాస్టారి గొంతు, నోట్లో ఏదో అడ్డం పెట్టుకున్నట్టు.)

మాస్టారు: పువ్వు మెత్తగానే ఉందే... కాడ... కాడ పళ్ళ సందులో...

సీతమ్మ: వెన్ను వెన్నుగా ముంచేస్తే అంతే. మొన్న చీపురుపుల్ల అని చెప్పింది మీరేగా. అది మొక్క గురించి అనుకున్నారా, బజ్జీ గురించి అనుకున్నారా? ఇటివ్వండి. వెన్ను కొస పట్టుకుని, రెండు వేళ్ళతో కిందకి దూయండి. గోంగూర దూసినట్టు. చూశారా, పూలన్నీ అరచేతిలోకి, పుల్ల అవతలకి.

మాస్టారు: మరి పోపులో వెయ్యనా?

సీతమ్మ: ముట్టుకోకండి! ఇది వేపపువ్వు కాదు వేయించడానికి. చారు మరిగాక, పోపు పడ్డాక, పొయ్యి కట్టేశాక ఇంత చల్లి మూత పెట్టాలి. ఉడికిస్తే వాసన వీధిలోకి, చారు మనకి. సగం అట్టేపెట్టండి, కీరదోసకాయ పెరుగుపచ్చట్లోకి వస్తాయి.

(మూత తీసినప్పుడు పై వాటాకి తెలిసింది. కాస్త లవంగం, కాస్త సోంపు, అడుగున ఎక్కడో చింతపండు. మిగిలిన పూలని మాస్టారు వెనిగరు సీసాలో వేసి తేదీ రాసి పెట్టుకున్నారు. దాన్ని ఎవరు ఎందులో పోసుకుంటారన్నది ఇంకా తేలలేదు. చారు మాత్రం మాకూ ఒక గిన్నెడు వచ్చింది. నేను ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని నాలుగు అరిసెలు వేసి పంపాను.)

మూడు వారాల తర్వాత, శుక్రవారం

తల తుంచిన ప్రతిచోటా రెండేసి కొమ్మలు లేచి కుండీ గుబురుగా ఉంది. గ్లాసులో నాలుగింటికీ తెల్లటి వేళ్ళొచ్చి, నాలుగు పాత పెయింటు డబ్బాల్లోకి మారాయి. గింజకి వదిలిన వెన్ను ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది. సీతమ్మగారు కత్తెర పట్టుకుని వచ్చారు. మాస్టారు కుర్చీలోంచి లేచి అడ్డం నిలబడ్డారు.

సీతమ్మ: తప్పుకోండి. మధ్యాహ్నం మా చెల్లెలొస్తోంది. చారులోకి పూలు కావాలి.

మాస్టారు: ఆ వెన్ను ముట్టుకోకు. కింద గింజ కడుతోంది. వెన్నులో ఒక్కో మెట్టుకి ఆరు పూలు, పువ్వుకి నాలుగు గింజలు. ఆరు నాలుగులు 24. పది మెట్లకి 240!

సీతమ్మ: పైన ఇంకా పూస్తోందిగా. కింద గింజలు మీరుంచుకోండి, పైన నాలుగు పూలు నాకివ్వండి.

మాస్టారు: అక్కడ తేనెటీగ ఉంది.

సీతమ్మ: ఎగిరిపోయింది.

మాస్టారు: (అటూ ఇటూ చూసి) ఇవాళ శుక్రవారం.

సీతమ్మ: శుక్రవారమైతే?

మాస్టారు: తుంచకూడదు.

సీతమ్మ: ఇది తులసి కాదండీ. బేసిల్. నర్సరీవాడు అమ్ముకోడానికి అలా అన్నాడు.

మాస్టారు: రుద్రజడ. పేరులోనే రుద్రుడున్నాడు.

సీతమ్మ: ఇటలీ మొక్కకి మన శుక్రవారం ఏం తెలుస్తుంది?

మాస్టారు: బొట్టు పెట్టిన కుండీ ఇది. దానికి అన్నీ తెలుస్తాయి.

సీతమ్మ: (వంగి చూసి) చారులో వేసిన రోజునుంచీ నేను బొట్టు మానేశానే. ఇది తడి కుంకం. ఎవరు పెట్టారు?

మాస్టారు: (కుడిచెయ్యి లుంగీకి తుడుచుకుంటూ) పావురాలు.