అన్నం మానెయ్యమని చెప్పే ముందు

గత డిసెంబరు సేవాదినాల్లో అమెరికాలోని మన సంఘం విజయనగరం జిల్లాలో నిర్వహించిన ఉచిత మధుమేహ శిబిరంపై మన పత్రిక కిందటి సంచికలో ఫొటోలతో సహా రెండు పేజీల నివేదిక వచ్చింది. జ్యోతి వెలిగించినవారు, శాలువాలు కప్పించుకున్నవారు, గ్లూకోమీటర్లు విరాళమిచ్చినవారు అందరి పేర్లూ అందులో ఉన్నాయి గానీ, ఆ మధ్యాహ్నం పెట్టిన భోజనం ఊసు మాత్రం లేదు. ఆ పంక్తిలో కూర్చున్నవాణ్ణి కనుక ఆ లోటు నేను పూరిస్తాను.

ఒక దాత కోరిక మీద పిలిపించిన ఆహార సలహాదారు ఆ ఉదయం గంటకు పైగా కీటో ఆహారం (పిండిపదార్థం దాదాపుగా మాని కొవ్వు ఎక్కువగా తినే పథ్యం) గురించి మాట్లాడి, బియ్యం తినడమే సర్వరోగాలకూ మూలమని, ఆ రోజు నుంచే మానెయ్యాలని చెప్పారు. తరువాత విస్తళ్లలో పన్నీరు ముక్కలు, ఉడికించిన గుడ్లు, వెన్నలో వేయించిన కాలీఫ్లవర్ తురుము వడ్డించారు. వచ్చినవారిలో ఎక్కువమంది కోతల రోజుల్లో ఒక పూట కూలి వదులుకుని ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ తురుమును వేళ్లతో అటూ ఇటూ కలిపి చూసి, వడ్డించే కుర్రాణ్ణి "అన్నం ఇంకా తేనేదేటి బాబూ?" అని అడిగింది. ఇదే అన్నమని అతడు చెప్పేసరికి మన కార్యవర్గ సభ్యుల్లో కొందరు నవ్వారు. ఆ నవ్వు గుచ్చుకోబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కీటోలో సరుకు లేదని నేననడం లేదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ దీన్ని మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించారు. పిండిపదార్థం దాదాపుగా అందకపోతే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేస్తుందని గ్రహించి, ఉపవాసం వల్ల మూర్ఛలు తగ్గే ఫలితాన్ని ఉపవాసం లేకుండానే రాబట్టవచ్చునని ఆయన ఆలోచన. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు నేటికీ ఈ ఆహారాన్ని ఇస్తారు. అయితే డైటీషియన్ పర్యవేక్షణలో, త్రాసు మీద గ్రాములు తూచి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు. పెద్దలు బరువు కోసమో చక్కెర కోసమో పాటించే పద్ధతిలో పిండిపదార్థం రోజుకు 20 నుంచి 50 గ్రాములకు మించకూడదు, శక్తిలో 70 శాతం దాకా కొవ్వు నుంచే రావాలి. ఒక కప్పు అన్నంలోనే 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుందంటే ఈ పథ్యం ఎంత కఠినమైనదో ఊహించుకోవచ్చు.

ఫలితాలూ నిజమే. ఇండియానాలో మధుమేహులపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో ఏడాదిలో సగటు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటును చూపే రక్తపరీక్ష) 7.6 శాతం నుంచి 6.3 శాతానికి తగ్గింది, ఇన్సులిన్ వాడుతున్నవారిలో అత్యధికులు దాన్ని తగ్గించుకోవడమో మానుకోవడమో జరిగింది. కానీ ఆ రోగులకు దూరం నుంచే అయినా వైద్యుడి పర్యవేక్షణ నిరంతరం ఉంది, చక్కెర తగ్గేకొద్దీ మందులనూ తగ్గిస్తూ పోయారు. 2022లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు కీటోను పప్పులు, పండ్లు, ముడిధాన్యాలు ఉండే మధ్యధరా ప్రాంతపు ఆహారంతో పోల్చి చూస్తే, చక్కెర అదుపులో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కీటోలో ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు బాగా తగ్గినా చెడు కొలెస్టరాల్ పెరిగింది, పీచు తగ్గింది, అధ్యయనం ముగిశాక దాన్ని కొనసాగించడమూ కష్టమైంది. డాలస్‌లో ఉన్న మా బావమరిది కీటోతో బాగానే సన్నబడ్డాడు, శ్రీకాకుళంలో పెళ్లికి వచ్చి రెండు వారాలు అత్తవారింట ఉండేసరికి అందులో సగం తిరిగి వచ్చింది. మొదట తగ్గే బరువులో చాలా భాగం కండరాల్లో నిల్వ ఉండే చక్కెర రూపమైన గ్లైకోజెన్‌తో పాటు పోయే నీరే గనుక అది తిరిగి రావడంలో వింత లేదు.

అసలు విషయం మా పెద్దమ్మది. ఆమెది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మధుమేహానికి రోజూ ఉదయం గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటుంది. నేను వస్తున్నానని తెలిసి శిబిరానికి వచ్చింది, ఉపన్యాసం శ్రద్ధగా విన్నది, పెద్ద చదువులు చదివినవాళ్లు అమెరికా నుంచి వచ్చి చెప్పిన మాట కదా అని మర్నాటి నుంచే అన్నం మానేసింది. అదే వారంలో ఒక ఉదయం, మాత్ర వేసుకుని, ఎప్పటి చద్దన్నానికి బదులు ఒక గుడ్డు తిని, అరుగు మీద కూర్చుని చేటలో ఉలవలు చెరుగుతూ ఉండగా ఒళ్లంతా చెమటలు పట్టాయి, చేతులు వణికి చేట జారిపోయింది. కోడలు పలకరిస్తే పొంతన లేని మాటలు మాట్లాడింది. ఎదురింటి ఆశా కార్యకర్త పరుగున వచ్చి, మన శిబిరంలో పంచిన గ్లూకోమీటరుతోనే వేలు గుచ్చి చూస్తే చక్కెర 46కు పడిపోయి ఉంది. వెంటనే బెల్లం నీళ్లు పట్టించారు కాబట్టి సరిపోయింది. సాయంత్రం నేను వెళ్లేసరికి తేరుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఎందుకిలా చేశావంటే ఆమె చెప్పిన జవాబుకు నా దగ్గర బదులు లేదు: "అన్నం మానీమన్నాడు గానీ మాత్తర మానీమని సెప్పనేదు గదా నాయినా."

గ్లిమెపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడదు, క్లోమాన్ని పిండి ఇన్సులిన్ వదిలిస్తుంది. ఇప్పుడు చవకై చిన్న ఊళ్లలో కూడా రాస్తున్న మరో మధుమేహ మాత్ర డాపాగ్లిఫ్లోజిన్ సంగతి ఇంకా చిక్కు. అది వేసుకుంటూ పిండిపదార్థం పూర్తిగా మానేస్తే, మీటరులో చక్కెర మామూలుగానే కనబడుతున్నా, రక్తం ప్రమాదకరంగా ఆమ్లపూరితమయ్యే అవకాశం ఉంది. ఎవరు ఏ మాత్ర వాడుతున్నారో అడగకుండా మూడు వందల మందికి ఒకే పథ్యం చెప్పడాన్ని సేవ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఈ ఏడాది శిబిరం శ్రీకాకుళం జిల్లాలో, సోంపేట పరిసరాల్లో ఉంటుందని, ఉపన్యాసకులు మళ్లీ వారేనని విన్నాను. సోంపేట అంటే ఉద్దానం. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో, దాని మూలకారణం నేటికీ ఇదమిత్థమని తేలలేదనీ మనలో తెలియనివారు లేరు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది కూడా ఇందుకే. కిడ్నీ దెబ్బతింటున్నా చాలాకాలం లక్షణాలేవీ బయటపడవు. కీటో మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒంట్లోని నీరు, ఉప్పు వేగంగా బయటికి పోతాయి, కిడ్నీలో రాళ్లు ఏర్పడటం కూడా ఈ ఆహారానికి తెలిసిన దుష్ఫలితాల్లో ఒకటి. కొబ్బరి ఉద్దానంలో పండేదే కదా, కొవ్వుకు కొదవ లేదు కదా అని మన వాళ్లెవరో అన్నారట. ఎండలో తోట పని చేసుకునే మనిషికి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడకుండా ఆ సలహా ఇవ్వడానికి ధైర్యం ఎలా వస్తుందో నాకు తెలియదు.

మన కంచం నిర్దోషి అని కూడా నేననను. కొండలా అన్నం పెట్టుకుని, పప్పు పేరిట పసుపు నీళ్లు కలుపుకుని, మూడు పూటలా అదే తినడం మన ఇళ్లలో నేటికీ ఉంది. భారతీయులు తినే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థం నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అనే మధుమేహ సర్వే చెబుతోంది. చోడి (రాగి) అంబలి మీద నాకెంత మమకారం ఉన్నా, వంద గ్రాముల చోడుల్లో 67 గ్రాముల దాకా పిండిపదార్థమే ఉంటుందన్నది కాదనలేను. అయితే అదే వంద గ్రాముల్లో 11 గ్రాముల పీచు, 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నాయి, తెల్ల బియ్యంలో ఆ కాల్షియం పది మిల్లీగ్రాములైనా ఉండదు. ఉలవల్లో ఐదో వంతుకు పైగా మాంసకృత్తులే. గంటెలు (సజ్జలు), సామలు, గోంగూర, నువ్వులపొడి, నెత్తళ్లు (చిన్న చేపలు), గుడ్లు ఇవన్నీ ఆ సంతల్లోనే దొరుకుతాయి. అదే సర్వే సమాచారంతో చేసిన ఒక విశ్లేషణ, మధుమేహం వెనక్కి తగ్గాలంటే పిండిపదార్థం 49 నుంచి 54 శాతానికి తగ్గి, మాంసకృత్తులు 20 శాతం దాకా పెరగాలని లెక్కకట్టింది. అంటే అన్నం సగం చేసి ఆ చోట పప్పు, కూర పెంచడం. రేషన్ కార్డు మీద మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితంగా వచ్చే ఇంట్లో, కూలికి వెళ్లివచ్చిన కోడలు అత్తగారికి విడిగా పన్నీరు వండిపెట్టడం ఎన్నాళ్లు సాగుతుంది? అమెరికాలో కాస్ట్‌కో దుకాణంలో బాదంపప్పు సంచులు కొనే మనకే సాగడం లేదు.

డిసెంబరు కార్యక్రమాల బడ్జెట్ సెప్టెంబరు బోర్డు సమావేశంలోనే ఖరారవుతుంది కనుక కార్యవర్గానికి నా విన్నపం ఇప్పుడే చేస్తున్నాను. శిబిరానికి వచ్చిన ప్రతి ఒక్కరి మందుల చీటీనీ స్థానిక వైద్యుడు చూసి, క్రియాటినిన్ పరీక్ష చేయించిన తరువాతే ఆహారం మాట ఎత్తాలి. ఎవరికైనా కీటో పనికివస్తుందని ఆ వైద్యుడు అనుకుంటే, మందులు సరిచేసి, మూడు నెలల పాటు ఫోను చేసి కనుక్కునే బాధ్యత కూడా మన సంఘమే తీసుకోవాలి. ఉపన్యాసానికి కేటాయించే సొమ్ము ఆ పరీక్షలకు చాలకపోతే, బాంక్వెట్ ఖర్చులోంచి తగ్గించండి. మధ్యాహ్నం విస్తట్లో చిన్న గరిటెడు అన్నం, ముద్దపప్పు, గోంగూర, ఉలవచారు, గుడ్డు వడ్డించండి. వాటి ఖర్చు నేను భరిస్తాను, వడ్డనకూ వస్తాను.