అడ్జంక్ట్ ప్రొఫెసర్‌కి వారానికి తొమ్మిది గంటలే పనా?

అమెరికా కాలేజీల్లో సాహిత్యం, రచన బోధించే అడ్జంక్ట్ (కోర్సుల లెక్కన తాత్కాలికంగా తీసుకునే పార్ట్‌టైమ్ అధ్యాపకుడు) ఉద్యోగం గురించి తరచూ షేర్ అయ్యే మాట ఒకటుంది. మూడు కోర్సులు తీసుకుంటే వారానికి తొమ్మిది గంటలే పనట. సిలబస్ ఒకసారి రాసుకుంటే ఏళ్ల తరబడి అదే నడుస్తుందట. వ్యాసాలు దిద్దే పని ఇప్పుడు ఏఐ చూసుకుంటుందట. వేసవంతా సెలవు, నాలుగేళ్లు ఓపిక పడితే పర్మనెంటు. ఇందులో ఏది ఎంత నిజమో చూద్దాం.

"వారానికి తొమ్మిది గంటలు."

అది తరగతిలో ఉండే సమయం మాత్రమే. ఈ లెక్కను అమెరికా ప్రభుత్వమే ఒప్పుకోదు. ఆరోగ్య బీమా చట్టం కింద ఎవరు పూర్తికాలపు ఉద్యోగో తేల్చడానికి 2014లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, తరగతిలో ఒక గంట పాఠానికి రెండుంపావు (2.25) గంటల పని కింద కట్టొచ్చు. విద్యార్థులను విడిగా కలవడానికి పెట్టే తప్పనిసరి ఆఫీస్ అవర్స్ దానికి అదనం. విద్యార్థి రుణాల మాఫీ పథకం పీఎస్ఎల్ఎఫ్‌కి 2023 జూలైలో వచ్చిన నియమమైతే ఒక్కో క్రెడిట్‌కి (సుమారుగా వారానికి ఒక గంట తరగతి) కనీసం 3.35 గంటలు లెక్కించమంది. తొమ్మిది క్రెడిట్లకు రుణమాఫీ లెక్కలో 30.15 గంటలు, అంటే పూర్తికాలం. బీమా లెక్కలో అదే మనిషికి ఆఫీస్ అవర్స్ కాక 20.25 గంటలే. పూర్తికాలం అనడానికి హద్దు వారానికి 30 గంటలు కాబట్టి బీమా ఇవ్వాలన్న నిబంధన వర్తించదు. పని అదే, ప్రభుత్వమూ అదే, లెక్కలు మాత్రం రెండు.

డబ్బు సంగతికొస్తే, మూడు క్రెడిట్ల కోర్సుకి 4,000 డాలర్లు ఇస్తారనుకుందాం. వారానికి పది గంటల చొప్పున 15 వారాలకు 150 గంటలు, అంటే గంటకి 26 డాలర్ల పైచిలుకు. వినడానికి పర్లేదు. కానీ సెమిస్టర్‌కి మూడు కోర్సులు దొరికినా ఏడాదికి 24,000 డాలర్లే, అదీ బీమా లేకుండా. వేరే ఉద్యోగం, దాంతోపాటు బీమా ఉండి, సాయంత్రం ఒక సెక్షన్ (కోర్సులో ఒక తరగతి) చెప్పేవాళ్లకి మాత్రం ఇది నిజంగానే మంచి పని. షేర్ అయ్యే మాట బహుశా వాళ్లని చూసి పుట్టి ఉంటుంది.

"సిలబస్ ఒకసారి రాస్తే చాలు."

ఏ కోర్సు ఇస్తారో ముందే తెలిస్తే కొంతవరకు నిజం. చాలాచోట్ల సెమిస్టర్‌కి కొద్ది రోజుల ముందు గానీ సెక్షన్ ఖాయం కాదు. విద్యార్థులు చేరకపోతే రద్దవుతుంది. రెగ్యులర్ ప్రొఫెసర్ సెక్షన్ నిండకపోతే నిండిన అడ్జంక్ట్ సెక్షన్ ఆయనకి వెళ్లిపోతుంది. అప్పటికే చేసిన తయారీకి పైసా రాకపోవచ్చు. రద్దయితే పరిహారం ఎంతో, ఆఫీస్ అవర్స్‌కి చెల్లిస్తారో లేదో కాంట్రాక్టులో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.

"దిద్దడం ఏఐ చేసేస్తుంది."

అసలు పని ఉన్నదే ఇక్కడ. సెక్షన్‌కి 22 మంది, మూడు సెక్షన్లు, మొత్తం 66 మంది అనుకుందాం. కాలేజీ రచనా బోధకుల సంఘం సీసీసీసీ సెక్షన్‌కి 20 మంది, ఒక అధ్యాపకుడికి సెమిస్టర్‌కి 60 మంది రచనా విద్యార్థులు దాటకూడదని సిఫార్సు చేసింది. ఇక్కడ రెండూ దాటాయి. నాలుగు పేజీల డ్రాఫ్టుకి 20 నిమిషాల చొప్పున ఒక్క కట్ట దిద్దడానికే 22 గంటలు పడుతుంది. సెమిస్టర్‌లో అలాంటి వ్యాసాలు మూడో నాలుగో ఉంటాయి.

ఆ 20 నిమిషాల్లో జరిగేది తప్పులు పట్టడం కాదు. మొదటి ఏడాది వ్యాసాల్లో పదేపదే కనిపించే వాక్యం ఇది: "ఈ కథలో రచయిత్రి అనేక ప్రతీకలతో స్వేచ్ఛ అనే భావాన్ని చక్కగా చూపించారు." వ్యాకరణం పరంగా వంక పెట్టడానికి లేదు. కానీ ఏ కథకైనా అతుక్కుంటుంది, ఎవరూ కాదనలేరు, అందుకే వాదనగా పనికిరాదు. అంచున "ఇంకా స్పష్టంగా రాయండి" అని రాస్తే విద్యార్థి "చక్కగా" తీసేసి "అద్భుతంగా" అని పెడతాడు. "మూడో పేజీలో ఆమె కిటికీ తెరిచి మళ్లీ మూసింది. స్వేచ్ఛే అయితే ఎందుకు మూసింది?" అని అడిగితే మళ్లీ కథలోకి వెళ్లక తప్పదు. అలాంటి ప్రశ్న వేయాలంటే కథా తెలియాలి, ఈ విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో కూడా తెలియాలి.

వాక్యదోషాలు ఒక పేరాలో మాత్రం గుర్తించి, మిగతావి విద్యార్థినే వెతకమనాలి. పేజీ అంతా ఎర్రగా చేస్తే దేన్నీ చదవడు. వ్యాఖ్యలు డ్రాఫ్టు మీదే పడాలి. గ్రేడు వేసిన ఫైనల్ మీద రాసింది చూసేవాళ్లు బహు తక్కువ. కట్ట మధ్యలోకి వచ్చేసరికి దిద్దేవాళ్ల కొలత జారుతుంది, అలసటతో కొందరు కఠినమవుతారు, కొందరు మెత్తబడతారు. అందుకే ముందు ఐదు పేపర్లు కలం పట్టకుండా చదివి స్థాయి తెలుసుకోవడం, చివర్లో మొదటి ఐదింటినీ మళ్లీ చూడటం.

ఏఐ వాక్యాలకు నునుపు పెట్టగలదు, పనికొచ్చే సూచన కూడా ఒక్కోసారి ఇస్తుంది. అయితే విద్యార్థి పేరుతో ఉన్న పేపర్ని కాలేజీ అనుమతి లేని టూల్‌లో పెడితే, విద్యార్థి రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి చట్టం ఫెర్పాతో చిక్కు రావచ్చు. పైగా ఏఐ వచ్చాక పని పెరిగింది కూడా. వ్యాసం ఏఐ రాసిందేమోనని అనుమానం వస్తే, దాన్ని పట్టిస్తామనే డిటెక్టర్‌ని నమ్మడానికి లేదు. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం తక్కువని 2023 జూలైలో ఆపేసింది. మరుసటి నెలలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లోని ఏఐ డిటెక్టర్‌ని పక్కన పెట్టింది. ఇక మిగిలిన దారి డ్రాఫ్టుల చరిత్ర తీసి చూడటం, విద్యార్థిని కూర్చోబెట్టి "ఈ మాట ఎందుకు వాడావు?" అని అడగడం. ఈ సమయానికి వేరే జీతమేం ఉండదు.

"వేసవంతా సెలవు."

జీతం లేని సెలవు. నిరుద్యోగ భృతి అడిగితే "వచ్చే సెమిస్టర్‌కి సహేతుకమైన హామీ ఉంది కదా" అని తిరస్కరించడం మామూలే. విద్యార్థులు చేరితేనే కోర్సు అన్న షరతు ఉంటే అది హామీ కాదని కాలిఫోర్నియా కోర్టు 1989లో సెర్విసీ కేసులో తేల్చింది. కాబట్టి ఆ షరతు రాసి ఉన్న ఆఫర్ కాగితం దాచుకోవాలి, ఆ రాష్ట్రంలో అప్పీలుకి అదే ఆధారం.

"నాలుగేళ్లలో పర్మనెంటు."

అడ్జంక్ట్ నుంచి టెన్యూర్ ట్రాక్‌కి, అంటే శాశ్వత పదవికి తీసుకెళ్లే ఉద్యోగానికి, మెట్లు లేవు. ఆ పోస్టు పడితే బయటివాళ్లతో పాటే దరఖాస్తు చేసుకోవాలి. అధ్యాపకుల సంఘం ఏఏయూపీ లెక్క ప్రకారం టెన్యూర్‌కి దారిలేని నియామకాల్లో ఉన్నవాళ్లు 1987లో సుమారు 47 శాతం, 2021లో 68 శాతం. పర్మనెంటు దారి ఇరుకవుతోంది తప్ప వెడల్పు కావడం లేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లోనైతే ఒక డిస్ట్రిక్టులో (ఆ కాలేజీలను నడిపే స్థానిక విభాగం) పూర్తి పనిభారంలో 67 శాతం దాటితే పార్ట్‌టైమ్ హోదా పోతుందని చట్టం. అందుకని దాటనివ్వరు. మిగతా కోర్సుల కోసం ఇంకో డిస్ట్రిక్టుకి, వీలైతే మూడోదానికి కారేసుకుని తిరగాలి. ఇలా తిరిగేవాళ్లకి అక్కడ ఫ్రీవే ఫ్లయర్స్ అని పేరు. ఆ డ్రైవింగ్ గంటలు 2.25లోనూ లేవు, 3.35లోనూ లేవు.