‘ఇతరములు’ గారికి ఒక మనవి

దరఖాస్తు ఫారం అడుగున కొలువై ఉన్న ‘ఇతరములు’ అనే గడి గారికి,

విశాఖ పెద్ద జాలారిపేట నుంచి, సముద్రపు రాళ్ల మీద తినే గుల్లలు ఏరి హోటళ్లకు అమ్ముకునేవాడు రాసుకుంటున్న విన్నపం. మీరు క్షేమమని తెలుసు. మీలోకి వెళ్లిన వాళ్లం ఎలా ఉన్నామో చెబుదామని ఈ ఉత్తరం.

మనకు పరిచయమైంది 2020 లాక్‌డౌన్‌లో. హోటళ్లు మూసేశారు, బీచ్ రోడ్డు మీద పోలీసులు. రాళ్లకు గుల్లలు అతుక్కునే ఉన్నాయి, వాటికి భౌతిక దూరం ఎవరూ చెప్పలేదు. సాయం కోసం వివరాలు రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు.

“బోటు నంబరు?”

“బోటు లేదండీ. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు దిగి, రాళ్ల మీద గీకుతాం.”

“పోనీ, పొలం పాసుపుస్తకం?”

నేను సముద్రం వైపు చూపించాను. ఆయన కాసేపు అటు చూసి, పెన్ను మీ మీద పెట్టాడు.

మే నెలలో మా వీధిలో బోటెక్కేవాళ్లకు మత్స్యకార భరోసా 10,000 రూపాయలు పడింది. పడాల్సిందే, నాకు ఏడుపేం లేదు. అందులోంచి మా బావ చేబదులు ఇవ్వబట్టే మా ఇంట్లో బియ్యం ఉడికాయి. అయితే అది ఏటా బోట్లు ఆపేసే వేట నిషేధానికిచ్చే భృతి అట. ఆ ఏడాది కరోనా అని జాలిపడి 61 రోజుల నిషేధాన్ని 47 రోజులకు కుదించారు కూడా. గుల్లలు ఏరడం మీద నిషేధమే లేదు కాబట్టి మాకు నష్టమూ లేదని ఒక ఆఫీసులో వివరించారు. నిషేధం లేని పనిని లాఠీ చూపించి ఆపితే దాన్ని ఏమంటారో అడుగుదామనుకున్నాను. వెనక లైను పెద్దదిగా ఉంది.

తర్వాత ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చింది, 20,050 కోట్లు. అందులో గుల్లల పేరు ఉందని విని పరిగెత్తాను. ఉంది, నిజమే! తాళ్లకు కట్టి పెంచేవాళ్లకు 40 శాతం సబ్సిడీ, ఆడవాళ్లకైతే 60. మావి ఎవరూ పెంచకుండానే పెరుగుతాయి, అదే వాటి తప్పు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ, “సముద్రం పేరు మీద పెట్టరా దరఖాస్తు, అది ఆడదేగా” అంది.

అమెరికాలోనూ ఇదే వరస అని మా మేనల్లుడు చదివి చెప్పాడు. 2020 సెప్టెంబరులో రైతులకిచ్చిన రెండో విడత కరోనా సాయంలో గుల్లల పెంపకందార్లను కలిపారట. 2019లో ఎంత అమ్మారో చూసి, మొదటి 50 వేల డాలర్ల లోపు అమ్మకానికి 10.6 శాతం చొప్పున లెక్కగట్టారట. మా 2019 అమ్మకాల లెక్క హోటలు వంటమనిషి నోట్లో ఉంది. ఆయన లాక్‌డౌన్‌లో ఊరెళ్లిపోయి మళ్లీ రాలేదు.

గుల్లను కాలిస్తే సున్నమన్నా వస్తుంది, మీలో రాస్తే సున్నాయే వచ్చింది. గుల్లలు ఏరి ఇల్లు గుల్ల చేసుకున్నది మేమే కాబోలు.

కోరేది పెద్దదేం కాదు. మీరు అర అంగుళం ఉన్నారు, ‘రాళ్ల మీద గుల్లలు ఏరుట’ పట్టడం లేదు. కాస్త జరగండి. మీ కింద ‘కార్యాలయ ఉపయోగార్థం’ గారు నాలుగింతలు పెద్దగా, ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటారు. ఆయన్ని అడిగి చూడండి.

ఇట్లు,
బోటు నంబరు: లేదు
సర్వే నంబరు: లేదు