వన్యప్రాణి సంరక్షణలో వైట్‌ఫీల్డ్ వేటగాడి పాత్ర

మన దేశంలో వేట ఎప్పుడో ఆగిపోయిందనుకునేవాళ్ళు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరైనా కాసేపు నిలబడి, వచ్చే పార్సిళ్ళు చూడాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువును చంపడమే కాదు, చంపబోవడం, ఉచ్చు బిగించడం, ఎర వేయడం, ఆఖరికి గూట్లో గుడ్లను కదిలించడం కూడా వేట కిందే జమకట్టింది. వేట సామాను కొనడం గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మనవాళ్ళు ఆ సందులోంచి దూరిపోయారు.

మా బ్లాకులో ఒక టీమ్ లీడ్ ఉన్నాడు. పేరెందుకు గానీ శికారి గారందాం. సొంతూరు మదనపల్లె దగ్గర, తాతల కాలంలో ఇంట్లో నాటు తుపాకీ ఉండేదని చెబుతాడు (రాయలసీమ నుంచి వచ్చిన ప్రతివాడి తాతకూ తుపాకీ ఉండేది, అది వేరే వ్యాసం). ఆయన మొదట ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ళ .315 రైఫిల్ మీదే మనసు పడ్డాడు. దానికి పోలీస్ కమిషనర్‌కు అర్జీ పెట్టుకోవాలి, తుపాకీ ఎందుకు కావాలో కారణం రాయాలి, ఎలక్షన్లొస్తే స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. కారణం దగ్గరే బండి ఆగిపోయింది. ఆయనకున్న ప్రాణభయమల్లా అప్రైజల్ నెలలోనే, దానికి లైసెన్సు ఇవ్వరు.

అందుకని గాలి తుపాకీకి దిగాడు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు .177 అంగుళాలు, గుండు శక్తి 20 జూల్స్ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. తుపాకీ వెంట స్కోపు (గురి చూసే దుర్బిణి), స్కోపు వెంట దాన్ని బిగించే క్లాంపులు, రెండు కాళ్ళ స్టాండు, దూరం కొలిచే యంత్రం, తుపాకీకొక సంచి, ఆ సంచికి వర్షంలో తొడగడానికి ఇంకో సంచి, ఆకుపచ్చ మచ్చల ప్యాంటు వచ్చాయి. ఆ ప్యాంటు వేసుకుంటే అడవిలో ఎవరికీ కనబడరట. మా లిఫ్టులో మాత్రం అందరికీ కనబడ్డాడు.

క్షేత్ర పరీక్షకు శ్రీనివాసపురలో వాళ్ళావిడ మేనమామ గారి మామిడి తోటను ఎంచుకున్నారు. కోలారు జిల్లా, చుట్టూ తెలుగు మాట్లాడేవాళ్ళే, మాట ఇబ్బంది లేదు. నిష్పక్షపాత పరిశీలకుడి హోదాలో నేనూ కారెక్కాను. మట్టి గట్టు ముందు ఖాళీ పెయింటు డబ్బా పెట్టి, పాతిక గజాలు యంత్రంతో కొలిచి (అడుగులతో కొలిస్తే శాస్త్రీయత పోతుంది), శికారి గారు బోర్లా పడుకున్నారు.

తొలి గుండుకే గొట్టంలోంచి పొగ వచ్చింది. గాలి తుపాకీలో మందుండదు. ఫ్యాక్టరీలో పూసిన నూనె, పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి కాలి పొగవుతుంది, కొత్త తుపాకీకి ఇది మామూలే. శికారి గారు కళ్ళు మూసుకుని ఆ మాడు వాసన నిండుగా పీల్చి "బావా, ఇదీ తుపాకీ అంటే" అన్నారు. డబ్బా చెక్కుచెదరలేదు. గుండు నాలుగు వేళ్ళ కింద గట్టులో దిగింది.

ఇక్కడ స్కోపు సంగతి కొంచెం చెప్పాలి. గుండు పడే చోటికి దాని గురిని సరిపెట్టడాన్ని జీరోయింగ్ అంటారు. దాని మీద మర ఒక్క క్లిక్కు తిప్పితే వంద గజాల దగ్గర గురి పావు అంగుళం జరుగుతుంది. పాతిక గజాల దగ్గరైతే అంగుళంలో పదహారో వంతే. అంటే నాలుగు వేళ్ళు పైకి లేపాలంటే యాభై క్లిక్కుల దాకా తిప్పాలి. మా టీమ్ లీడ్ రెండు తిప్పి, ఫలితం కోసం ఎదురుచూశాడు. పైగా ఇలా స్ప్రింగుతో గాలిని నొక్కే తుపాకీ వెనక్కీ ముందుకీ రెండు వైపులా అదురుతుంది కాబట్టి వదులుగా పట్టుకోవాలి. ఈయన సంక్రాంతి పుంజును పట్టుకున్నట్టు రెండు చేతులా అదిమిపట్టాడు. ఆ అదురుకు క్లాంపు వదులై, స్కోపు తన దారిన తాను వెనక్కి జరుగుతూ పోయింది.

పక్క చేలో మొక్కజొన్నకు కాపలా ఉన్న ముసలాయన మంచె దిగి వచ్చాడు. చేతిలో ఒడిసెల.

"ఏం నాయనా, దీనికి పంది పడతాదా?"

"పందిని కొట్టకూడదు తాతా. చట్టం."

"కుందేలు?"

"కూడదు."

"పోనీ, కౌజుపిట్ట?"

"అదీ కూడదు."

"మరి ఇదెందుకు నాయనా?"

"జీరోయింగ్‌కు తాతా."

ఆయన కాసేపు తుపాకీని, ఇంకాసేపు ప్యాంటును చూసి, "సరేలే, ఎండ పడకుండా చూసుకో" అని చెప్పి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఒడిసెల తిప్పి రాయి విసిరితే కంకుల మీది చిలకల గుంపు మొత్తం లేచి పక్క ఊరి వైపు పోయింది. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. క్లిక్కులు లేవు, క్లాంపులు లేవు.

నవ్వకండి. మైసూరు మహారాజులు వేటాడిన బండీపుర 1973లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. వేటగాళ్ళ గురి బాగుండబట్టే కదా పులులకు పథకాలు అవసరమయ్యాయి! అదే ఆ కాలం రాజావార్లంతా మా శికారి గారిలా గంటల తరబడి మరలు తిప్పుకుంటూ, క్లాంపులు బిగించుకుంటూ, ఫోన్‌లో రివ్యూలు చూసుకుంటూ కూర్చుని ఉంటే అడవుల్లో పులులకు చోటు చాలేది కాదు. మూడు నెలల ఈఎంఐ ఖర్చుపెట్టి, ఒక్క ఈక రాలకుండా వేటాడిన మనిషిని అటవీ శాఖ పిలిచి శాలువా కప్పకపోవడం అన్యాయం. సామానంతా సర్దుకుని తిరిగొచ్చే దారిలో, లోపం తుపాకీది కాదు, గుండ్లదని తేల్చి జర్మనీ గుండ్ల డబ్బాకు ఆర్డర్ పెట్టారు. హోసకోటె టోల్ దాటేలోపు డెలివరీ తేదీ కూడా వచ్చేసింది.

ఈ లోపు సంగతి మా అసోసియేషన్ దాకా పోయింది. బాల్కనీల్లో పావురాల బెడద భరించలేక ఉన్న కార్యదర్శి గారు, ఇంట్లో వేటగాణ్ణి పెట్టుకుని మనకెందుకీ తిప్పలని మీటింగ్‌లో ఆశగా ఆయన వైపు చూశారు. శికారి గారు గంభీరంగా లేచి నిలబడి, జనం మధ్య తుపాకీ పేల్చడం ఎంత ప్రమాదమో చాలాసేపు వివరించి, వల బిగించే కుర్రాడి నంబరు అందరికీ ఇచ్చారు. చదరపు అడుగు లెక్కన తీసుకుంటాడట, తన బాల్కనీకి వేసిందీ అతనేనట, పని శుభ్రంగా ఉందట.