డాక్టరు వచ్చేలోపే అంతా అయిపోతుంది

పశువులకు ఏదైనా పెద్ద ఆపద వచ్చిందంటే మనందరం అడిగే మొదటి ప్రశ్న 'డాక్టరు ఏడీ?' అని, రెండోది 'పరిహారం ఎంత?' అని. ఈ రెండింటికీ ముందు కొంత టైమ్ ఉంటుంది, ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి రెండు రోజులు. దాని గురించి ఎవరూ అడగరు. వరద వచ్చినా, కొట్టం అంటుకున్నా, మందలో గాలికుంటు (నోట్లో, గిట్టల్లో పుండ్లు లేపే అంటురోగం) మొదలైనా, తేలాల్సింది చాలావరకు ఆ టైమ్‌లోనే తేలిపోతుంది. అప్పుడు అక్కడుండేది పశువు యజమాని, పాలు పితికే మనిషి, పక్క పొలం రైతు. వాళ్లకు ఏం తెలుసు, దేన్ని ముందే ప్రాక్టీస్ చేసి ఉన్నారు అన్నదాన్ని బట్టే ఎన్ని మిగులుతాయో, ఎన్ని పోతాయో లెక్క. కానీ విపత్తు ప్రణాళికల్లో మామూలుగా వాళ్ల పేరు 'బాధితులు' అన్న చోటే కనిపిస్తుంది, పని చేసేవాళ్ల జాబితాలో కనిపించదు.

2001లో బ్రిటన్‌లో వచ్చిన గాలికుంటు గురించి మాట్లాడేటప్పుడు అందరూ చెప్పేది చివరి అంకెలే. 60 లక్షలకు పైగా జీవాలను చంపేశారు, 2,026 చోట్ల వ్యాధి బయటపడింది, సైన్యాన్ని దింపారు, కళేబరాల గుట్టలు కాలుతుంటే టీవీల్లో ప్రపంచమంతా చూసింది. నాకు వాటన్నిటికంటే ముఖ్యమైన అంకె 57. ఫిబ్రవరి 20న మొదటి కేసు ఖరారయ్యేసరికే కనీసం 57 ఫారాలకు వైరస్ చేరిపోయిందని తర్వాత విచారణలో తేలింది. అంటే ప్రభుత్వం నిద్ర లేచేసరికే ఆట సగం అయిపోయింది. నార్తంబర్లాండ్‌లో ఒక పందుల ఫారంలో రోగం ఉంటే ఆ సంగతి బయటికి రాలేదు, ఈలోగా అది అంటుకున్న గొర్రెలు సంతల మీదుగా దేశమంతా తిరిగాయి. మరి ప్లాన్ లేదా అంటే, ఉంది. ఒకేసారి పది చోట్లకు మించి రోగం ఉండదనే అంచనా మీద రాసుకున్న ప్లాన్.

ఆరేళ్ల తర్వాత, 2007 ఆగస్టులో, ఇంగ్లండ్‌లోని సర్రేలో మళ్లీ అదే రోగం. ఈసారి వెంటనే దేశమంతా పశువుల రవాణా ఆపేశారు, 8 చోట్లతో ఆగిపోయింది. కొంత అదృష్టం కూడా కలిసొచ్చింది, కాదనను. కానీ మొదటిసారి మూడు రోజులు పట్టిన నిర్ణయం రెండోసారి అప్పటికప్పుడు జరిగిపోవడానికి కారణం అదృష్టం కాదు, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఏది ముందు ఆపాలో అప్పటికి తెలిసి ఉండటం.

ట్రైనింగ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఓ హాలు, ఓ ప్రొజెక్టరు, మధ్యాహ్నం భోజనం, చివర్లో సర్టిఫికెట్. అలాంటిది వందసార్లు పెట్టినా ఒక్క గేదె కూడా బతకదు. పశువుల ఎమర్జెన్సీల్లో నేర్చుకోవాల్సినవి చాలావరకు మన సహజ స్వభావానికి ఎదురు తిరిగేవి, అందుకే చెప్తే రావు, చేయిస్తేనే వస్తాయి. పక్కవాడి కొట్టంలోకి నీళ్లొస్తుంటే పరుగెత్తుకెళ్లి తలుగులు కోసేయాలి, కట్టేసి ఉన్న పశువు ఈదలేదు కాబట్టి. అదే పక్కవాడి ఆవుల నోట్లో పుండ్లు, కాళ్ల గిట్టల్లో పుండ్లు కనిపిస్తున్నాయంటే అస్సలు వెళ్లకూడదు, ఎందుకంటే చూసొద్దామని వెళ్లిన మనిషి చెప్పులకు, బండి చక్రాలకు అంటుకుని వైరస్ సొంత కొట్టానికి వచ్చేస్తుంది. ఒక ఆపదలో ఊరంతా పోగవడమే మందు, ఇంకో ఆపదలో ఊరంతా పోగవడమే రోగం. ఈ తేడా ఆ క్షణంలో బుర్రకు తట్టాలంటే అంతకుముందు కనీసం రెండు మూడుసార్లు మాక్ డ్రిల్‌లో తప్పు చేసి, నలుగురితో నవ్వించుకుని ఉండాలి.

1989లో అమెరికాలోని మిచిగన్‌లో జరిగిన సంఘటన ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఒక డెయిరీ ఫారంలో పేడ నిల్వ చేసే గోతిలోకి ఒకరు దిగి పడిపోయారు. ఆయన్ని తీయడానికి ఇంకొకరు, ఆయన కోసం మరొకరు. అలా ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు చనిపోయారు. పేడ గోతుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, బాగా ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోతుంది, వాసన తగ్గిందనుకుని మనిషి లోపలికి దిగుతాడు. ఆ ఐదుగురిలో ఎవరికీ ధైర్యం తక్కువ కాలేదు, ప్రేమ తక్కువ కాలేదు. వాళ్లకు కావాల్సింది లోపలికి గాలి పంపకుండా, నడుముకు తాడు లేకుండా, పైన మనిషి లేకుండా దిగొద్దు అనే ఒక్క పాఠం, అది ఒంటికి పట్టేదాకా నేర్పించినవాళ్లు.

ధాన్యం నిల్వ చేసే పెద్ద పెద్ద గిడ్డంగి గొట్టాల్లో (సైలోల్లో) కూడా ఇదే. కదులుతున్న గింజల్లో మనిషి సెకన్లలో నడుము దాకా కూరుకుపోతాడు, పైనుంచి తాడేసి లాగితే వెన్ను దెబ్బతింటుంది తప్ప మనిషి రాడు. చుట్టూ రేకులు దించి, గోడలా నిలబెట్టి, లోపలి గింజలు తోడేయాలి. ఇది తెలిసిన నలుగురు, ఆ రేకులు ఆ ప్రాంతంలోనే ఉంటే మనిషి దక్కుతాడు. ఇక మూసి ఉన్న కోళ్ల షెడ్డులో ఎండాకాలం ఫ్యాన్లు ఆగితే నిమిషాల్లో కోళ్లు ఉక్కిరిబిక్కిరి అవడం మొదలవుతుంది, జనరేటర్ ఉందా లేదా అన్నది కాదు, దాన్ని చివరిసారి ఎప్పుడు ఆన్ చేసి చూశారన్నది ప్రశ్న.

మనుషుల ప్రాణాల గురించి మాట్లాడండి, జంతువుల సంగతి తర్వాత అనేవాళ్లకు ఒక మాట. ఈ రెంటినీ విడదీయలేరు. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఊరు వదలనివాళ్లను తర్వాత ఒక సర్వేలో అడిగితే, 44 శాతం మంది తమ పెంపుడు జంతువులను వదలలేక ఉండిపోవడం కూడా ఒక కారణమన్నారు. దాంతో 2006లో అమెరికా చట్టం చేసింది, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులు ఉండి తీరాలని. ఆ చట్టంలో కుక్కకు, పిల్లికి చోటు దొరికింది, ఆవుకు దొరకలేదు. 2018లో ఫ్లోరెన్స్ తుపానుకు ఒక్క నార్త్ కరోలినాలోనే 34 లక్షల కోళ్లు, టర్కీలు, 5,500 పందులు పోయాయి.

బంగ్లాదేశ్ ఈ విషయంలో చాలా దేశాలకంటే ముందుంది. 1970 తుపానులో మూడు లక్షల మందికి పైగా చనిపోయాక అక్కడి ప్రభుత్వం, రెడ్ క్రెసెంట్ సేవా సంస్థ కలిసి తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. పశువును వదిలి మనిషి కదలడని వాళ్లకు అనుభవంతో అర్థమైంది, అందుకే తీరంలో పశువులను ఎక్కించడానికి ఎత్తైన మట్టి దిబ్బలు కట్టారు, వాటిని కిల్లాలు అంటారు. ఇప్పుడు 76 వేలకు పైగా వలంటీర్లున్నారు, హెచ్చరిక రాగానే మెగాఫోను పట్టుకుని బయల్దేరేది వాళ్లే. 2007లో సిద్ర్ తుపాను వచ్చినప్పుడు మృతులు మూడున్నర వేల లోపే. తక్కువని కాదు, మూడు లక్షల పక్కన పెట్టి చూడమంటున్నాను.

కానీ నా వాదనకు అసలు బలం రిండర్‌పెస్ట్ కథలో ఉంది. ముసర వ్యాధి అని పాతకాలం రైతులు వణికిపోయిన రోగం అది. 1890ల ప్రాంతంలో ఆఫ్రికాలో పశువుల్లో 80, 90 శాతాన్ని ఊడ్చేసింది, ఇథియోపియాలో కరువు తెచ్చి జనాభాలో మూడో వంతును బలి తీసుకుందని చరిత్రకారుల అంచనా. 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ప్రపంచంలోనే మొదటి పశువైద్య కళాశాల పెట్టింది ఈ రోగం భయంతోనే. అంటే పశువైద్యమనే చదువే దీని వల్ల పుట్టింది. ఆ రోగాన్ని ముగించడానికి మాత్రం ఆ చదువు చదవనివాళ్లు కావాల్సి వచ్చారు.

ఎలాగంటే, మంచి టీకా 1960ల్లోనే వచ్చింది. ఆఫ్రికాలో పెద్ద ఎత్తున వేశారు, 1970ల మధ్యకు రోగం దాదాపు పోయింది, ఇక పోయిందిలే అని చేతులు దులుపుకున్నారు, 1980ల్లో మళ్లీ విరుచుకుపడింది. మిగిలిపోయిన చోట్లేవంటే రోడ్డు లేనివి, యుద్ధం ఉన్నవి, కరెంటు లేక టీకాను చల్లగా ఉంచలేనివి. ప్రభుత్వ బృందం జీపు అక్కడికి చేరదు, చేరినా మంద అప్పటికే వేరే మేత భూమికి వెళ్లిపోయి ఉంటుంది. 1990 ప్రాంతంలో పశువైద్య శాస్త్రవేత్త జెఫ్రీ మారినర్ బృందం వేడిని తట్టుకునే టీకా తయారు చేసింది, ఫ్రిజ్ లేకుండా దాదాపు నెల రోజులు నిలుస్తుంది. అప్పుడు ఇథియోపియాలోని అఫార్‌లో, ఉగాండాలోని కరమోజలో, దక్షిణ సూడాన్‌లో పశుపోషకుల్లోంచే కొందరిని ఎంచుకుని కొద్ది వారాల శిక్షణ ఇచ్చి టీకాలు చేతికిచ్చారు. వాళ్లు మందతో పాటే నడుస్తారు. ఏ మడుగు దగ్గర ఎవరి పశువులు నీళ్లు తాగుతాయో వాళ్లకు తెలుసు. అంతేకాదు, రోగం స్వల్పంగా వచ్చిపోయినా గుర్తుపట్టగలిగారు, పెద్ద పెద్ద ల్యాబుల నిఘాకు దొరకని జాడలు వాళ్ల మాటల్లో దొరికాయి. 2001లో కెన్యాలో చివరి కేసు. 2011లో ప్రపంచం నుంచి రిండర్‌పెస్ట్ పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రెండో వ్యాధి ఇది. దీని చివరి మైలు నడిచింది సూది పట్టుకున్న కాపరి.

పంటల వైపు చూసినా ఇదే వరస. మిడతల దండు చదరపు కిలోమీటరులో 8 కోట్ల దాకా ఉండొచ్చు, రోజుకు 35 వేల మంది తిండి తినేస్తుంది. దాన్ని ఆపాలంటే రెక్కలు రాకముందే, నేల మీద గెంతుతున్నప్పుడే పట్టుకోవాలి. 2020లో తూర్పు ఆఫ్రికాలో ఆ పిల్ల మిడతలు ఎక్కడున్నాయో ఫోన్లలో నమోదు చేసి పంపింది శిక్షణ పొందిన స్థానికులు. ఉపగ్రహం పచ్చదనం చూపిస్తుంది, తడి చూపిస్తుంది, పురుగును చూపించదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. సగం చదువు ప్రమాదం, నాలుగు వారాల ట్రైనింగ్ ఇస్తే రేపు వాడే డాక్టరై కూర్చుని దొరికిన ప్రతి యాంటీబయాటిక్ పొడుస్తాడు, రోగం దాచిపెడతాడు అంటారు. ఇందులో నిజముంది. అయితే యాంటీబయాటిక్ ఇప్పుడూ పొడుస్తున్నారు, ట్రైనింగ్ ఏమీ లేకుండా. రోగం దాచడం కూడా తెలియక చేసే పని కాదు, చెబితే మందను చంపేస్తారు, డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు అన్న భయంతో చేసేది. న్యాయమైన ధర వెంటనే చేతికొస్తుందని నమ్మకముంటే ఫోన్ చేస్తాడు. పశువైద్యుడి పర్యవేక్షణలో, ఏది చేయొచ్చో ఏది చేయకూడదో గీత గీసి పని అప్పగిస్తే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

అసలు అడ్డంకి వేరే ఉందని నా అనుమానం. పాలించేవాళ్లకు జనం చేయి చాచి నిలబడితేనే సుఖం. చెక్కు పంచితే ఫొటో వస్తుంది, పశువు చావకపోతే ఫొటో ఏముంటుంది? జరగని నష్టానికి రిబ్బన్ కత్తిరించలేరు. ఇందులో ఓటరు పాత్ర కూడా తక్కువేం కాదు. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు పరిశోధకులు 2009లో అమెరికా ఎన్నికల మీద ఓ అధ్యయనం ప్రచురించారు. సహాయానికి ఖర్చు పెట్టిన పార్టీకి ఓటర్లు ప్రతిఫలం ఇస్తున్నారు, ముందు జాగ్రత్తకు ఖర్చు పెట్టినదాన్ని అసలు పట్టించుకోవడం లేదు. ముందు జాగ్రత్త మీద పెట్టిన ఒక్కో డాలరు తర్వాత దాదాపు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని వాళ్ల లెక్క. పదిహేనింతలు లాభం వచ్చే పనికి ఓటు పడదు, అందుకే బడ్జెట్ కూడా పడదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగే కుక్కనే మనం బిస్కెట్ వేసి పెంచుతున్నామన్నమాట.

ఇది పశువులకే పరిమితమైన జబ్బు కాదు. ఆరోగ్యమైనా, తాగునీరైనా, అగ్నిప్రమాదమైనా పౌరుడిని లబ్ధిదారుడిగా చూడటం రాజ్యానికి తేలిక, పని తెలిసిన మనిషిగా గుర్తించడం కష్టం. గుర్తిస్తే వాడికి పరికరాలివ్వాలి, జీతమో గౌరవ వేతనమో ఇవ్వాలి, వాడు చెప్పింది రిపోర్టులో రాయాలి. అన్నిటికంటే కష్టమైనది, వాడు 'ఇక్కడ రోగం ఉంది' అని ఎగుమతుల సీజన్‌లో చెప్పినా వినాలి.

2011 వేడుక తర్వాత ఆ కాపరుల సంగతి ఏమైందో చూస్తే ఇదంతా అర్థమవుతుంది. ప్రాజెక్టులు ముగిశాయి, చాలా దేశాల చట్టాల్లో వాళ్లకు పేరే లేదు. ఇప్పుడు గొర్రెలు, మేకలకు వచ్చే పీపీఆర్ అనే అంటురోగాన్ని 2030 నాటికి నిర్మూలిస్తామని 2015లోనే ప్రపంచ స్థాయిలో లక్ష్యం పెట్టుకున్నారు. అది కూడా రోడ్డు లేని చోట్లకే వెళ్లి ఆగే రోగం, దానికీ అలాంటి మనుషులే కావాలి. ఇలాంటి ఊరి పశు ఆరోగ్య కార్యకర్తలకు ఏమేం నేర్పాలో చెప్పే మార్గదర్శకాలను ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 2024లో గానీ విడుదల చేయలేదు. గడువుకు ఆరేళ్ల ముందు. ఆ కార్యకర్త సూది వేయొచ్చా లేదా అని ఇంకా తేల్చని దేశాలు ఇప్పటికీ ఉన్నాయి.