షెఫీల్డ్ సరే, మన ఇచ్ఛాపురం సంగతేంటి?

షెఫీల్డ్ నగరం 2007లోనే బ్రిటన్‌లో శరణార్థులకు మొదటి ఆశ్రయ నగరంగా పేరు తెచ్చుకుందని, అక్కడి కౌన్సిల్ కూడా తోడు నిలిచిందని మీ పోస్టులో రాశారు, బాగుంది. కానీ ఇదేదో మనకు సంబంధం లేని విషయం అన్నట్టు కొందరు కామెంట్లు పెడుతున్నారు చూడండి, అక్కడే చిరాకు. మన సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం జనం ఒకప్పుడు బర్మాలోని రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి పోయినవాళ్లే కదా! 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసేసరికి ఎంతమంది కట్టుబట్టలతో ఓడెక్కారో, విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఊరికే రాలేదు.

వేరే భాషవాళ్లను మన ఆఫీసుల్లో ఎలా చూస్తున్నామో, ఇప్పటి సంగతి చెప్తా. ఒడిశా సరిహద్దులో ఉన్న ఇచ్ఛాపురం వైపు చాలా ఇళ్లలో ఒడియానే మాట్లాడతారు. ఆమధ్య మా వైపు ఓ సచివాలయంలో ఒక ముసలమ్మ పెన్షన్ ఆగిపోయిందని కాగితం పట్టుకుని నిలబడితే, కుర్చీలో ఉన్న కుర్రాడు తెలుగులోనే గట్టిగా అరిచి చెప్తున్నాడు, అరిస్తే అర్థమైపోతుందా బాబూ? చివరికి లైన్లో ఉన్న ఇంకో ఆవిడే వేలిముద్ర పడలేదని ఒడియాలో చెప్పింది. గోడ మీద బోర్డు రెండో భాషలో రాయించడానికి ఎంత ఖర్చవుతుందండీ? మంత్రిగారు వస్తే మాత్రం స్టేజీ వేసి సవర గిరిజనుల డాన్సు పెట్టించడం ఎవరూ మర్చిపోరు.