చివరి పేజీకి ఒక దొడ్డిదారి పాఠకుడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చివరి పేజీ గారికి,

నమస్కారాలు. మనకి పరిచయం కొత్తేమీ కాదు. కాకపోతే ఎప్పుడూ నేను ముందు గుమ్మం వదిలేసి దొడ్డిదారినే మీ ఇంటికి వస్తుంటాను. కొత్త పుస్తకం చేతికి రాగానే ముందుమాట కూడా చూడకుండా, వెనక అట్ట దగ్గర బొటనవేలితో నాలుగు కాగితాలు ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కంటితో మీ ఆఖరి పేరా మీద వాలేది నేనే. ఒక కన్ను మూయడం ఎందుకంటే, సగమే చూశానని మనసుకి నచ్చజెప్పుకోవడానికి. ఇంట్లోవాళ్లు చూస్తే "ఎన్ని పేజీలున్నాయో చూస్తున్నా" అంటాను. ఎన్ని పేజీలున్నాయో చూడడానికి పావుగంట ఎందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మర్యాదస్తులు.

అసలు మీ దర్జా చూస్తే నాకు ముచ్చటేస్తుంది. 399 పేజీలు గొడ్డుచాకిరీ చేస్తాయి, పేరు మాత్రం 400వ పేజీది. గుట్టంతా కొంగున ముడేసుకుని వెనకాల కూర్చుంటారు. ఆ ముడి జోలికి ఎవరైనా వెళ్తే స్నేహాలే చెడిపోతాయి. ఒకసారి ఒక స్నేహితుడితో "చివర్లో భలే ఏడిపించాడు కదా" అన్నాను. అంతే. ఎవరు పోయారో చెప్పలేదు, అసలు ఎవరైనా పోయారని కూడా చెప్పలేదు. వారం రోజులు ఫోన్ ఎత్తలేదు ఆ మహానుభావుడు.

నా బాధ కాస్త వినండి. నాకు టెన్షన్ పడదు. కథలో కుక్క కనిపించిందంటే ఇక నా పని అయిపోయినట్టే. హీరో యుద్ధానికి వెళ్లనీ, ఊరంతా మునిగిపోనీ, నా కళ్లు కుక్క మీదే ఉంటాయి. వందో పేజీలో అది అన్నం ముట్టలేదని రాస్తే పుస్తకం మూసేస్తాను. అప్పుడు మీ దగ్గరికి పరిగెత్తుకొస్తాను. గుమ్మంలో పడుకుని తోకాడిస్తోందని కళ్లారా చూసుకున్నాక గానీ కథ నాకు మొదలవదు. అప్పుడు వాక్యాలు కనబడతాయి. రచయిత ఒక మాటని ఎక్కడ దాచాడో, దాన్ని మళ్లీ ఎక్కడ బయటికి తీశాడో కనబడుతుంది. అంతకుముందు నేను చేసింది చదవడం కాదు, కాపలా కాయడం.

ఒకవేళ అది చచ్చిపోతే? ముందే ఏడ్చేసి వెనక్కి వస్తాను. అది బతికున్న పేజీలు ఇంకొంచెం నెమ్మదిగా చదువుతాను.

దీన్ని పిరికితనం అంటారు మీ భక్తులు. కాదనను. కానీ ఒక పెద్దమనిషి మాట చెప్పనివ్వండి. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ ఇలా అనేవాడు: ఇద్దరు టేబుల్ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే కింద బాంబు పేలిందనుకోండి, చూసేవాడికి 15 సెకన్ల ఆశ్చర్యం. అదే బాంబు ఉందని ముందే చూపించారనుకోండి, 15 నిమిషాల ఉత్కంఠ. అంటే ఏమిటి? గుండె దడదడలాడాలంటే కొంత తెలిసి ఉండాలి. ఏమీ తెలియనివాడు హాయిగా పల్లీలు తింటూ ఉంటాడు. సరే, అదే హిచ్‌కాక్ 1960లో 'సైకో' విడుదలైనప్పుడు, సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకి ఆంక్ష పెట్టాడు. నీతి నీతే, వ్యాపారం వ్యాపారమే.

మీరు ఇంత ముఖ్యమైనవారైతే వాల్మీకి రామాయణం ఏమైపోవాలి చెప్పండి. బాలకాండ మొదటి సర్గలోనే నారదుడు వచ్చి, రాముడి కథంతా పట్టాభిషేకం దాకా గడగడా చెప్పేస్తాడు. ఏ హెచ్చరికా లేదు, "తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు చెవులు మూసుకోండి" అనలేదు. ఆ తర్వాత వేల శ్లోకాలు. అయినా సుందరకాండకి వచ్చేసరికి ఏమవుతుంది? అశోకవనంలో సీతమ్మ తన జడనే ఉరితాడు చేసుకోవాలని ఆలోచిస్తుంటుంది, హనుమంతుడేమో చెట్టుమీద కూర్చుని ఏ భాషలో మాట్లాడాలా, నన్ను చూసి జడుసుకుంటుందా అని తర్జనభర్జన పడుతుంటాడు. ఆ ఉంగరం ఇస్తాడని మనకి తెలుసు. చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా "దిగవయ్యా స్వామీ, ముందు కిందికి దిగు" అని లోపల ఒకటే గింజుకుంటాం. ఈ గింజులాటలో మీ వాటా ఎంత? సున్నా.

షేక్‌స్పియర్ కూడా రోమియో జూలియట్‌ల చావు కబురు నాటకం మొదట్లోనే 14 పంక్తుల్లో చెప్పేశాడు. ఆయన మీద ఎవరూ అలగలేదు.

సాక్ష్యం కావాలంటే అదీ ఉంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో శాఖలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 12 చిన్నకథలు తీసుకుని, కొందరికి ముగింపు ముందే చెప్పి, కొందరికి చెప్పకుండా చదివించారు. మొత్తం మీద చూస్తే ముందే తెలిసినవాళ్లే కథలకి ఎక్కువ మార్కులు వేశారు. ఆ కాగితం అచ్చు తీసి పర్సులో పెట్టుకున్నాను. తర్వాత వేరేవాళ్లు చేసిన పరిశోధనల్లో కొన్ని దీనికి ఎదురు తిరిగాయి, అవి మాత్రం అచ్చు తీయలేదు.

ఈమధ్య మీరు తెరల్లోకి మకాం మార్చారు. అక్కడ బొటనవేలికి పనే లేదు. కిందున్న గీతని కొసదాకా లాగితే "ఈ పుస్తకానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని అడుగుతుంది. ఇంకా మొదటి వాక్యమే చదవలేదు తల్లీ!

ఇక అసలు ఫిర్యాదు. కిందటేడు లైబ్రరీ నుంచి ఒక డిటెక్టివ్ నవల తెచ్చుకున్నాను. అలవాటు ప్రకారం నేరుగా మీ దగ్గరికే వచ్చాను. మీరేం చెప్పారు? "వాన వెలిసింది. ఆమె కిటికీ తెరిచింది." ఇంతే! ఎవరా ఆమె? ఎవరు చంపారు? మీ ముందు పేజీలోనేమో ఎవరో ఎవరికో ఉత్తరం రాస్తున్నారు. ఉసూరుమంటూ మొదటికి వెళ్లి చదువుతుంటే, 12వ పేజీలో డాక్టరు పేరు పక్కన ఎవరో పుణ్యాత్ముడు పెన్సిల్‌తో "వీడే" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. ప్రాణం లేచొచ్చింది. ఇక డాక్టర్ని వదిలితే ఒట్టు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడా, అమ్మదొంగా! టీలో చక్కెర వద్దన్నాడా, అదీ సంగతి! "ఊఁ" అన్నా తూకం వేశాను. 280వ పేజీలో పోలీసులు వచ్చి పట్టుకెళ్లింది మేనత్తని. మొదట్నుంచీ అందరికీ దుప్పట్లు సర్దుతూ తిరిగిన మేనత్త! ఆవిడ గురించి నేను ఒక్క వాక్యం కూడా సరిగ్గా చదవలేదు.

ఇన్నేళ్లలో నేను నిజంగా ఉలిక్కిపడింది ఆ ఒక్క పుస్తకానికే. మీరు నోరు విప్పి ఉంటే ఈ అవమానం నాకు జరిగేదా?

ఆ రాత్రే మళ్లీ మొదటి పేజీ తీశాను, ఈసారి మేనత్త కోసం. 12వ పేజీ దగ్గర ఆగి రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. కాసేపు "వీడే" వైపు చూశాను. రబ్బరు సొరుగులో పడేసి, మర్నాడు పుస్తకం అలాగే తిరిగి ఇచ్చేశాను.

ఇట్లు,
తమ దొడ్డిదారి అతిథి

తా.క.: ఆ ఇంట్లో ఒక కుక్క కూడా ఉంది. క్షేమంగానే ఉంది.